నాలుగో పాటలో డప్పు

నన్ను కన్న మా అవ్వ దృష్టిలో నేను వినేవి పాటలే కావు. ఒకసారి నా హెడ్‌ఫోన్ లాక్కుని తన చెవులకు పెట్టుకుని, అంతే వేగంగా తీసి నా ఒళ్లో పడేసింది. "గిదేం రోగమే నీకు, పీక పిసికినట్టు అరుస్తుండు వాడు" అంది. ముప్పై ఆరేళ్లదాన్ని, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, బళ్లో నా గొంతు వింటే వరండా సద్దుమణుగుతుంది. ఇంట్లో మాత్రం నా పాటలకు ఎన్నడూ మర్యాద దక్కలేదు. బాపు ఒక్కడే ఏమీ అనేవాడు కాదు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో రాయిని తొలిచే మిషన్ల పక్కన బతికినవాడికి మోత కొత్త కాదు. "విననియ్యే, దానికి నచ్చింది" అని మళ్లీ పేపరులో తల దూర్చేవాడు.

నేను వినేది రాక్, మెటల్. అందులోనూ జానపదం కలిసింది. గిటార్లు ఉరుముతుంటే వాటి నడుమ ఏదో దేశపు పల్లె వాద్యం వచ్చి బెదరకుండా నిలబడితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. మంచిర్యాల నుంచి కాగజ్‌నగర్ బడికి రోజూ రైల్లో పోయి రావాలి. తోటి టీచర్లు రైల్లోనే చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటారు. నేను కిటికీ పక్కన కూచుని ఒక ఆల్బం మొదటి పాట నుంచి చివరి పాట దాకా, ఒక్కటీ దాటెయ్యకుండా వింటాను. విన్నాక ఇంటర్నెట్‌లో నాకున్న పేజీలో అభిప్రాయం రాస్తాను. మగపేరుతో రాస్తాను. మొదట ఆడపేరుతోనే రాసేదాన్ని, కానీ పాటల గురించి కాక నా గురించి అడిగేవాళ్లు ఎక్కువై విసుగొచ్చి మార్చేశాను. చదివేవాళ్లు కొద్దిమందే. ఆ కొద్దిమందీ వాయించేవాళ్లో, వాయించాలని కలలు కనేవాళ్లో. వాళ్లకు నా మాటంటే కొంచెం భయం. ఆ భయం నాకు ఇష్టంగా ఉండేది. దాన్ని ముందే ఒప్పుకోవడం మంచిది, తర్వాత జరిగిందంతా అక్కడినుంచే వచ్చింది.

ఆ ఏడాది వర్షాలు మొదలైనప్పటి నుంచి దసరా దాకా నాలుగు ఆల్బాల గురించి రాశాను. మొదటిది మంచు దేశంవాళ్లది. ఒకప్పుడు వాళ్ల పాటల్లో ఫిడేలు గిటారుతో సమానంగా పోట్లాడేది. ఈసారి ప్రతి పాటకీ మొదట్లో పది సెకన్లు వినిపించి, ఇక సెలవంటూ వెళ్లిపోయింది. కూరలో కరివేపాకులా వాడుకున్నారని రాశాను. తాగుడు పాటలు మూడున్నాయి, మూడింటికీ ఒకే బాణీ. వాళ్ల అభిమానులు వచ్చి తిట్టారు. నాకేం బాధ కలగలేదు.

రెండోది గడ్డి మైదానాల దేశంవాళ్లది. ఒకే గొంతులో రెండు స్వరాలు పలికిస్తారు. అయితే ఆల్బం మొత్తం గుర్రాలూ కత్తులూ తప్ప మరో సంగతి లేదు. ఆ దేశంలో ఎవరూ వండుకోరా, పిల్లలకు జ్వరాలు రావా, పాలు పితికేటప్పుడు పాడుకునే పాటే లేదా అని అడిగాను. జానపదం అంటే యుద్ధం ఒక్కటే అనుకునేవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపమే.

మూడోది ఎక్కడో అడవుల దేశంలో ఒకావిడ చేసిన ఆల్బం. తన అమ్మమ్మ పొలం పనుల్లో పాడుకున్న పాటలను పాత క్యాసెట్ల నుంచి తీసి, వాటి కింద బరువైన గిటార్లను చాలా నెమ్మదిగా నడిపించింది. ఆ ముసలమ్మ గొంతు వణుకుతుంది. ఒకచోట మాట మరిచిపోయి ఆగిపోతుంది, దగ్గుతుంది, మళ్లీ అందుకుంటుంది. ఆ మనవరాలు దేన్నీ దిద్దలేదు. ముసలమ్మ ఆగినచోట గిటార్లు కూడా ఆగి ఎదురుచూశాయి. బెల్లంపల్లి స్టేషన్‌లో రైలు ఆగి ఉండగా అది విని నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తప్పును దిద్దకుండా వదిలెయ్యడానికి ఎంత ప్రేమ ఉండాలో అని రాశాను. ఆ వాక్యం నాది. ఇప్పుడు చదివితే చెంప పగలగొట్టినట్టు ఉంటుంది.

నాలుగోది మన వైపుది. కరీంనగర్‌లో ఉండే నలుగురు చేశారు. అందరూ పగలు ఏవో ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. తెలుగులో, మన యాసలో, మన వాద్యాలతో మెటల్ ఆల్బం అన్నారు. ఏడాదిగా చెబుతూనే ఉన్నారు. నేను ఎంత ఆశపడ్డానో అంత కత్తి నూరుకుని కూర్చున్నాను కూడా. బయటివాళ్లయితే ఏదో ఒకటిలే అనుకోవచ్చు, మనవాళ్లు చేస్తే మాత్రం నిక్కచ్చిగా ఉండాలని నా పట్టుదల.

అది వచ్చిన వారంలోనే బాపు నన్ను ఓ మాట అడిగాడు. నేను బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను. "ఏమన్న కొత్తయి వచ్చినయా బిడ్డా, నువ్వు వినేటియి?" అన్నాడు. నా పాటల గురించి ఆయన జన్మలో ఎప్పుడూ అడగలేదు. నేను తువ్వాల కోసం వెతుక్కుంటూ "ఏదో ఒకటొచ్చింది బాపూ, ఇంక వినలే" అన్నాను. "వినరాదు బిడ్డా, మంచిగుంటదేమో" అన్నాడు.

శనివారం మధ్యాహ్నం వాకిట్లో మంచం మీద కూచుని విన్నాను. బాపు పక్కనే గోడకానుకుని ఎల్లిపాయలు ఒలుస్తున్నాడు. మామూలుగా ఆ పని అవ్వది. మొదటి మూడు పాటలు బాగానే ఉన్నాయి. ఒగ్గు కథల డోలును గిటారు కిందికి తోసెయ్యకుండా ముందుకు తెచ్చారు, అది నచ్చింది. నాలుగో పాటకు మాటలు లేవు. వట్టి డప్పుతో మొదలైంది. నెమ్మదిగా, అడుగులో అడుగు వేసుకుంటున్నట్టు. దాని వెనక గిటార్లు ఒక్కొక్కటే చేరాయి. చేరినకొద్దీ నాకు చిరాకు పెరిగింది. డప్పు ఒకచోట నిలవడం లేదు. కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి. పాట సగానికి వచ్చేసరికి హఠాత్తుగా ఆగిపోయింది. గిటార్లు ఏం చెయ్యాలో తెలియక ఒకే స్వరాన్ని పట్టుకుని వేలాడాయి. నేను లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లు. ఆ తర్వాత డప్పు మొదటికంటే వేగంగా అందుకుంది.

నేను మొహం చిట్లించి హెడ్‌ఫోన్ తీసేశాను. బాపు నన్నే చూస్తున్నాడు.

"ఎట్లున్నదే?" అన్నాడు.

"ఏం బాగ బాపూ. గా డప్పు కొట్టినాయనకు లయనే లేదు. నడుమల ఆపేసిండు కూడ. మర్శిపోయిండు కావచ్చు."

"మర్శిపోయిండా?"

"ఔ మరి. ఎవరో ముసలాయననట. అసొంటోళ్లను కూసోవెట్టేటప్పుడు గట్టిగ చెప్పి చేయించుకోవాలె."

"గట్లనా" అన్నాడు. ఒలిచిన ఎల్లిపాయలు గిన్నెలో వేసి, పొట్టు ఎత్తిపోసి, పైపు తీసుకుని మిరప మొక్కలకు నీళ్లు పట్టాడు. పొద్దున్నే పట్టిన మొక్కలు అవి. నేను ఫోను తీసుకుని రాయడం మొదలుపెట్టాను.

ఏం రాశానో దాచుకోవాల్సిన పని లేదు, అది ఇంకా అక్కడే ఉంది. మొదటి మూడు పాటలను మెచ్చుకున్నాను. నాలుగో పాట దగ్గరికి వచ్చేసరికి, మన వాద్యం అన్న ఒక్క గౌరవంతో ఏది పడితే అది నెత్తిన పెట్టుకోలేం అన్నాను. డప్పు అడుగడుగునా జారుతోంది అన్నాను. మధ్యలో తొమ్మిది సెకన్ల పాటు వాద్యకారుడు ఎక్కడున్నాడో తనకే తెలియలేదు, ఆ తప్పును కత్తిరించే ఓపిక కూడా వీళ్లకు లేకపోయింది అన్నాను. ఆల్బం వివరాల్లో ఆ పాట దగ్గర, డప్పు కొట్టినది పేరు వెయ్యొద్దని కోరిన ఒక పెద్దమనిషి అని ఉంది. పేరు వద్దనడం ఆయన చేసిన తెలివైన పని అని ముగించాను. ఆ చివరి వాక్యం దొరికినప్పుడు నాలో నేనే నవ్వుకున్నాను.

చాలామంది దాన్ని పంచుకున్నారు. నా పేజీలో అంత చర్చ ఎన్నడూ జరగలేదు. ఇరవై రోజులకు ఆ నలుగురిలో గిటారు వాయించేవాడి నుంచి మెసేజ్ వచ్చింది. "అన్నా, మీరు చెప్పింది నిజమే. ఆ పెద్దమనిషిని ఇంకోసారి వచ్చి కొట్టమని ఫోన్ చేసి అడిగినం. నాకు అట్లనే వస్తది, ఇంకో తీరు రాదు అన్నడు. అందుకే డప్పు తీసేసి, కంప్యూటర్‌ల సక్కగ చేసి మళ్ల ఎక్కించినం. జర వినుండ్రి" అని. విన్నాను. గడియారంలా ఉంది, ఎక్కడా జారలేదు, ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు బాగుంది అని కింద ఒక ముక్క చేర్చాను. ఒక ఆల్బాన్ని నా మాటతో దిద్దించానని రెండు రోజులు ఎవరికీ చెప్పుకోలేని గర్వంతో తిరిగాను.

ఆ గర్వం మా అవ్వ దించింది. కావాలని కాదు పాపం. ఆ రోజు ఒక పూటే బడి ఉండి ఇంటికొచ్చేసరికి బట్టల బీరువా సర్దుతోంది. అడుగున కవరులోంచి కూడా తియ్యని కొత్త శాలువా కనిపించింది. ఎవరిదని అడిగాను. అవ్వ కాసేపు శాలువాను మడతబెట్టిందే మడతబెట్టింది.

"మీ బాపుకు కప్పిన్రు. కరీంనగర్ల" అంది. "పాటల వెడతమని తోల్కపోయిన్రు. మళ్ల తీసేశిన్రట. వద్దనుకున్నరట."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక బీరువా పక్కనే కింద కూచున్నాను.

అవ్వ చెప్పింది ఇది. ఎండాకాలంలో ఆ గిటారు మనిషి మంచిర్యాల వచ్చి, పాత దరువులు తెలిసినవాళ్ల కోసం చాయ్ హోటళ్ల దగ్గర అడుగుతూ తిరిగాడట. బాపుతోపాటు బాయిలో పనిచేసిన ఒకాయన బాపును చూపించాడు. బాపు మొదట వద్దన్నాడు. ఎటువంటి పాటలని అడిగితే అతను ఫోనులో వినిపించాడు. అప్పుడు బాపు మనసు మార్చుకున్నాడు.

"గిసొంటియి నా బిడ్డ వింటది అన్నడట. ఇంటికొచ్చి నాతోని ఒట్టు వెట్టించుకున్నడు, నీకు చెప్పద్దని. దాని చెవి గట్టిది, అదే గుర్తువడ్తది, చూడు అన్నడు. పేరు ఏస్తె చర్చిల మాట వస్తదని పేరు వద్దన్నడు."

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా తాతది మెట్‌పల్లి దగ్గర పల్లె. ఊళ్లో ఎవరి పాడె లేచినా ముందు తాత డప్పు నడవాలి, వెంట నడిచే పిల్లాడిగా బాపు ఆ దరువు నేర్చుకున్నాడు. పిలుపు వస్తే తింటున్న ముద్ద వదిలేసి పోవాలి. రానంటే కుదరదు. ఇచ్చింది తీసుకోవాలి, ఆ ఇచ్చేది కూడా దూరం నుంచి పడేస్తే ఏరుకోవాలి. తాత బాప్తిస్మం తీసుకున్న రోజున డప్పును అటక మీదికి ఎక్కించి, ఇక దించనన్నాడు. మర్నాడే ఊళ్లో పెద్ద చావు. మనిషి వచ్చి పిలిచాడు, తాత పోలేదు. దానికి ఆయన పడ్డ బాధలు ఎన్నో ఉన్నాయి, దెబ్బలు కూడా తిన్నాడు. అయినా దించలేదు. మా ఇంట్లో డప్పు పేరు ఎత్తకపోవడం అంటే సిగ్గు ఒక్కటే కాదు, తాత తల ఎత్తుకున్నాడన్న గొప్ప కూడా. నేను ఆ మౌనంలోనే పెరిగాను. బొగ్గుబాయి కాలనీలో, కంపెనీ క్వార్టర్లో, ఆదివారం హార్మోనియం పక్కన. డప్పు గురించి నాకు తెలిసిందంతా హెడ్‌ఫోన్లలో విన్నదే, అదీ ఇతరులు కొడితే విన్నది.

తాత చనిపోయినప్పుడు నాకు ఆరేళ్లు. బాపు అటక ఎక్కి డప్పు దించాడట. నిప్పుకు కాచి, ఊరోళ్లందరికి కొట్టిన చెయ్యి ఆయనది, ఆయనకు ఒక్కపూట నేను కొట్టుకుంటా అని పెద్దలను అడిగాడట. చర్చి సంఘంలో పెద్దలు ఒప్పుకోలేదు. పాతదంతా విడిచి వచ్చినోళ్లం, మళ్లీ ఎందుకన్నారు. వాళ్ల మాటా తప్పని నేను అనలేను. పెట్టె లేచింది, కీర్తనలు పాడారు, ఎక్కడా ఆగకుండా నేరుగా సమాధుల దగ్గరికి పోయింది. బాపు వెనక నడుస్తూ దారంతా తొడ మీద వేళ్లతో కొట్టుకుంటూనే ఉన్నాడని, ఆ దరువే కరీంనగర్‌లో కొట్టి వచ్చాడని అవ్వ చెప్పింది.

"నడుమల ఎందుకు ఆపిండవ్వా?" అని అడిగాను.

అవ్వ నన్ను వింతగా చూసింది. "దింపుడు కల్లం గదనే. నీకు తెల్వదా?"

నాకు తెలియదు. పాడె సగం దారికి వచ్చాక కిందికి దించుతారట. డప్పు ఆగిపోతుందట. కొడుకు వంగి, చెవి దగ్గర నోరు పెట్టి పేరుతో మూడుసార్లు పిలుస్తాడట. ఒకవేళ లేస్తాడేమోనని. లేవకపోతే మళ్లీ ఎత్తుకుంటారు, ఇక అప్పటినుంచి నడక పెరుగుతుంది, దరువు కూడా పెరుగుతుంది. ఊళ్లో పుట్టిన చిన్నపిల్లకైనా తెలిసే విషయం. బొగ్గుబాయి కాలనీలో, చర్చిలో పెరిగిన లెక్కల టీచరుకు తెలియదు. మా చావుల్లో అది లేదు. లేనిదాన్ని నేను గడియారం పెట్టి కొలిచి, తొమ్మిది సెకన్ల తప్పు అని రాశాను. జారుతోందన్నది నలుగురు మనుషులు బరువు మోస్తూ నడిచే నడక. గతుకుల దారిలో ఎవరి అడుగూ గడియారంలా పడదు.

అన్నింటికంటే నన్ను చంపింది ఇంకోటి. ఆ దరువు నేను విన్నదే. బాపు షిఫ్టుకు పోయేటప్పుడు బస్సు కోసం నిలబడి టిఫిన్ డబ్బా మూత మీద వేళ్లతో అదే కొట్టేవాడు. కొడుతూ కొడుతూ ఆగేవాడు. బడికి పోవడానికి ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డ నేను, మళ్లీ కొట్టు బాపూ అని డబ్బా గుంజేదాన్ని. ఎక్కడో అడవుల దేశంలో ముసలమ్మ ఆగితే ఏడ్చాను. నన్ను పెంచిన చెయ్యి ఆగితే లయ తప్పిందన్నాను. చెవి గట్టిదని ఆయన నమ్మిన బిడ్డను నేను.

ఆ సాయంత్రమే గిటారు మనిషికి రాశాను. పాత పాట, ఆ పెద్దమనిషి కొట్టింది, ఒక్కసారి పంపండి అని. "ఎందుకన్నా, అది బాలేదని మీరే అన్నరు గదా" అని జవాబు వచ్చింది. బతిమాలాను. వెతికి చెప్తానన్నాడు. మూడో రోజున, కొత్తది చేసేటప్పుడు పాతదాని మీదే సేవ్ అయిపోయిందన్నా, మా దగ్గర లేదు అన్నాడు. అతని తప్పేం లేదు. వినేవాళ్లలో ఎవరైనా దాచుకున్నారేమోనని నా పేజీలో అడిగాను. ఈ రోజుల్లో ఎవరూ ఏదీ దాచుకోరు, పైనుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తుందని ధైర్యం. తీసేసింది అందరి ఫోన్లలోంచీ ఒకేసారి పోయింది. ఒకతను నవ్వుతున్న బొమ్మ పెట్టి, ఆ చెత్త ఇప్పుడెందుకు బ్రదర్ అన్నాడు. అతను నా మాటనే నాకు తిరిగిచ్చాడు.

బాపుతో చెప్పడానికి వారం పట్టింది. మంచం మీద ఆయన పక్కన కూచుని మొత్తం చెప్పాను. రాసింది నేనేనని, మగపేరుతో రాస్తానని, నా వల్లే తీసేశారని. ఏడుపు ఆగలేదు. ఆయన నా వీపు నిమురుతూ ఒకటే అడిగాడు. "అయితే గా పేపర్ల రాసేటోడు నువ్వేనా? మంచిగనే రాస్తవట గద. ఆ గిటారు పిలగాడు ఫోన్ల చెప్పిండు, శాన భయపడ్డడు నీకు" అన్నాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు. నా బిడ్డ మాట అంత దూరం పోయిందా అన్న సంబరం ఉంది. తిడితే తట్టుకునేదాన్ని.

మళ్లీ ఒక్కసారి కొట్టు బాపూ, నేను రికార్డు చేసుకుంట అని అడిగాను. వద్దన్నాడు. ఆయన ఊపిరి అప్పటికే బాగా లేదు. బొగ్గు దుమ్ము ముప్పై ఏళ్లు పీల్చిన ఊపిరితిత్తులు, నాలుగు మెట్లు ఎక్కితే కూర్చోవాలి. "అయిపాయె బిడ్డా. మా బాపుకు బాకీ ఉంటి, కొట్టిన. ఇగ ఎందుకు" అన్నాడు. నేను వదల్లేదు. పిల్ల మారాం చేసినట్టు రోజూ అడిగాను. నాకు అది కావాలి. నేను పోగొట్టిందాన్ని నేనే తెచ్చిపెట్టుకోవాలి అన్న పంతం తప్ప, ఆయన ఊపిరి గురించి నేను తగినంతగా ఆలోచించలేదు.

డిసెంబరులో ఓ ఉదయం, నేను బడికి సెలవు పెట్టిన రోజు, పక్క వీధిలోంచి ఆయనే తోలు డప్పు అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు అందరూ వాడే ప్లాస్టిక్ డప్పు కాదు. వాకిట్లో గడ్డి వెలిగించి, డప్పును మంటకు చూపిస్తూ తిప్పుతూ, వేలితో మీటి విని, మళ్లీ కాచాడు. అవ్వ వీధి తలుపు మూయబోయింది. "పాస్టరమ్మ వింటదేమో" అంది. "విననియ్యే" అన్నాడు బాపు. డప్పును భుజానికి తగిలించుకుని, కుడిచేతిలో లావు పుల్ల, ఎడమ చేతి వేళ్ల మధ్య సన్న పుల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఆయన అలా నిలబడగా నేను చూడడం అదే మొదటిసారి. నడుము నిటారుగా అయింది. నాకు తెలియని మనిషి ఎవరో మా వాకిట్లోకి వచ్చినట్టు అనిపించింది.

"నీకు వచ్చినట్టే కొట్టు బాపూ" అన్నాను. ఫోను మంచం మీద పెట్టాను.

మొదలుపెట్టాడు. తోలు మీద పుల్ల పడ్డప్పుడల్లా నా ఛాతీలో పడింది. ఎదురింటివాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. దెబ్బ దెబ్బకూ మధ్య ఎడం సమానంగా ఉంది. మొదట నేనది గమనించలేదు. సగం దగ్గరికి వస్తున్నాడని తెలుసు. ఇక ఇక్కడ ఆగుతాడు. ఇక్కడ దించుతారు. ఇక్కడ పిలుస్తాడు.

ఆగలేదు. పెదవులు బిగించి, మెడనరాలు ఉబ్బగా, లోపలే అంకెలు లెక్కపెట్టుకుంటున్న మనిషిలా కళ్లు నేలకు గుచ్చి, ఆ చోటును దాటించేశాడు. దాటాక వేగం కూడా పెంచలేదు. చివరిదాకా ఒకటే కొలత. ఆపి, మంచం కోడు పట్టుకుని వంగి చాలాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"గిప్పుడు సక్కగున్నదా బిడ్డా? యాడ ఆపలే. నెల దినాల సంది తొడ మీద కొట్టుకుంట నేర్సుకున్న."

"నడుమల ఆపాలె గద బాపూ" అన్నాను.

"ఎందుకే, వినేటోళ్లకు తప్పు లెక్క ఉంటది" అన్నాడు. డప్పు తీసి అవ్వ చేతికిచ్చి, మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇగ నాతోని కాదు బిడ్డా" అన్నాడు.

సక్కగున్నది బాపూ అన్నాను.

ఆ తర్వాత నేను ఏ ఆల్బం గురించీ రాయలేదు. ఆయన కొట్టింది నా ఫోనులో ఉంది. ఎవరికీ వినిపించలేదు, నేను కూడా ఒక్కసారే విన్నాను. ఎక్కడా లయ జారలేదు.